చెంచుల చరిత్రకు ఆధారాలు ఎక్కడ వెతకాలి?

దోర్నాల వైపు ఒక గూడెంలో అటవీ హక్కుల దరఖాస్తు ఒకటి తిరిగి వచ్చింది. దాని మీద రెండే మాటలున్నాయి: ‘ఆధారాలు లేవు’. దరఖాస్తు పెట్టిన అవ్వకు చదువు రాదు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో మడిచి మా దగ్గరకు తెచ్చింది. చదివి చెప్పాం. కాసేపు నేల వైపు చూసి, “ఆదారాలంటే ఏంది సారూ? మా అత్తను ఆ చింతమాను కాడ పూడ్చింది నేనే గదా. అది సాలదా?” అని అడిగింది.

ఆ రోజు మా దగ్గర సమాధానం లేదు. ఉపాధ్యాయ శిక్షణలో ప్రాథమిక ఆధారం అంటే ఏమిటి, ద్వితీయ ఆధారం అంటే ఏమిటి అని చదువుకున్నాం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. అశోకుని శాసనం ప్రాథమిక ఆధారం అని ఏటా పిల్లలకు చెబుతూనే ఉన్నాం. అవ్వ చెప్పిన సమాధి కూడా అలాంటిదేనని మాకు తట్టలేదు.

తర్వాత నియమాల పుస్తకం తెరిచి చూశాం. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో వచ్చిన నియమాల్లో 13వది సాక్ష్యాల గురించి. గెజిటీర్లు, జనగణన, సర్వే సెటిల్మెంటు నివేదికలు, పటాలు, అటవీ శాఖ రికార్డులు అందులో ఉన్నాయి. వాటి పక్కనే బావులు, శ్మశానాలు, దేవతల స్థలాలు ఉన్నాయి. పాత రికార్డుల్లో కనబడే పూర్వీకుల దాకా చూపే వంశక్రమం ఉంది. హక్కుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసి పెట్టిన వాంగ్మూలం కూడా ఉంది. వీటిలో రెండు చూపితే చాలు. ఫలానా కాగితమే కావాలని పై కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణలో రాశారు. అంటే అవ్వ అడిగిన ప్రశ్నకు చట్టంలోనే జవాబు ఉంది. అది చదవాల్సినవాళ్లం మేము, చదవలేదు.

అప్పటి నుంచి నల్లమలకు తూర్పు పక్కన, మార్కాపురం, దోర్నాల, యర్రగొండపాలెం, అర్ధవీడు, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో బతికిన చెంచుల గురించి ఎవరు ఎప్పుడు ఏం రాశారో వెతుకుతున్నాం. దొరికింది కొంత, దొరకాల్సింది ఎక్కువ. ఈ పని చేయాలనుకునే యువతకు, తోటి ఉపాధ్యాయులకు మేము పడిన ఇబ్బందులు ఉపయోగపడతాయని రాస్తున్నాం.

మేము చేసిన మొదటి తప్పు ఒంగోలు పోవడం. అప్పుడు మనది ప్రకాశం జిల్లా కాబట్టి పాత కాగితాలన్నీ ఒంగోలులో ఉంటాయనుకున్నాం. కానీ ఆ జిల్లా పుట్టిందే 1970లో. ప్రకాశం అనే పేరు 1972లో వచ్చింది. అంతకు ముందు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇంకా వెనక్కి, 1858కి ముందు, కంభం, మార్కాపురం కడప జిల్లావి. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాడు. దత్త మండలాలు అనేది వీటినే. థామస్ మన్రో మొదటి ప్రధాన కలెక్టరు. కాబట్టి మన కాగితం ఒంగోలులో, మన తాత కాగితం కర్నూలు కట్టల్లో, తాతకు తాత కాగితం కడప కట్టల్లో ఉంటాయి. ఇవన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ కింద నడిచాయి కాబట్టి రెవెన్యూ బోర్డు ఉత్తర ప్రత్యుత్తరాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ పురాభిలేఖాగారంలో ఉన్నాయి. అడవిలో ఒక్క అడుగు కదలని కుటుంబానికి మూడు జిల్లాలు మారాయి.

ఊరి పేర్లూ అంతే. వెతికేటప్పుడు తెలుగు పేరు కొడితే ఏమీ దొరకదు. కంభాన్ని ఇంగ్లీషువాళ్లు ‘కంబమ్’ అన్నారు. త్రిపురాంతకం దగ్గరి దూపాడు ఇప్పుడు చిన్న ఊరు. పాత కాగితాల్లో దాని పేరు పెద్దగా కనబడుతుంది, వదిలిపెట్టకండి. చెంచు అన్న మాటను ఒకరు ‘చెంట్సు’ అని, ఒకరు ‘చెంచ్వార్’ అని, ఒకరు ‘చిన్సువార్’ అని రాశారు. రెవెన్యూ కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి. ఫసలీ 1380 అంటే 1970 జూలైలో మొదలైన ఏడాది.

ఇంగ్లీషులో మన గురించి రాసిన తొలి మాటల్లో కాలిన్ మెకంజీవి ఉన్నాయి. 1794లో ఆయన శ్రీశైలం వెళ్లాడు. ఆ గుడి మీద రాసిన వ్యాసం ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ అయిదో సంపుటంలో 1798లో అచ్చయింది. ఆ కొండల మీది చెంచుల ప్రస్తావన అందులో ఉంది. తర్వాత ఇదే మెకంజీ ఊరూరా కరణాల దగ్గర కైఫీయతులు రాయించాడు. అవి చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడప జిల్లావి కడప బ్రౌన్ గ్రంథాలయంవారు తెలుగులో అచ్చువేశారు. కంభం ఒకప్పుడు కడపదే అని గుర్తుపెట్టుకుని చదవాలి. కైఫీయతు చెప్పినవాడు కరణం, చెంచు కాదు అన్నది కూడా గుర్తుండాలి.

1840లలో కెప్టెన్ న్యూబోల్డ్ చెంచుల మీద ఒక వ్యాసం రాశాడు. 1886లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి కూర్చిన కర్నూలు జిల్లా మాన్యువల్ వచ్చింది. మార్కాపురం, కంభం అప్పుడు కర్నూలులో ఉన్నాయి కాబట్టి మనకు ఇది ముఖ్యమైన పుస్తకం. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్, కడాంబి రంగాచారి కలిసి ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ ఏడు సంపుటాలుగా తెచ్చారు. చెంచులు రెండో సంపుటంలో ఉంటారు. మాన్యువల్, థర్‌స్టన్ పుస్తకం రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఫోన్లో కూడా చదవవచ్చు.

థర్‌స్టన్ పుస్తకం చదివితే కోపం వస్తుంది. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచిన మనిషి. అయినా చదవండి, ఎందుకో చెబుతాం. చెంచుల భాష దాదాపు హిందీ, ఉర్దూ అని ఒక దొర రాసిన ఉత్తరాన్ని ఆయన ఎత్తి రాశాడు. అక్కడే, చెంచులు తెలుగు మాట్లాడతారని కర్నూలు మాన్యువల్ చెప్పిన మాటను కూడా పెట్టాడు. రెండూ నిజం కాలేవు. ఆ ఉత్తరం విశాఖపట్నం వైపు సేకరించిన మాటల పట్టికతో వచ్చింది. నల్లమల గూడెంలో ఒక్క పూట కూర్చున్నవాడికి ఏది నిజమో తెలుస్తుంది. ఇద్దరు సాక్షులు చెప్పింది కలవకపోతే మూడో సాక్షిని అడుగుతాం గదా. పుస్తకాన్ని కూడా అలాగే నిలబెట్టి అడగాలి. నువ్వెవరు, ఎక్కడ నిలబడి చూశావు, ఎవరు చెబితే రాశావు, ఎవరి కోసం రాశావు?

ఎవరి కోసం అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. పన్ను కోసం రాసినవాడు ఎకరాలు రాస్తాడు. శ్రీశైలం యాత్రికుల దారిలో దోపిడీలు జరుగుతున్నాయని పోలీసు రాస్తే అందులో చెంచు దొంగగా కనబడతాడు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అటవీ అధికారి రాస్తే నిప్పు పెట్టేవాడుగా కనబడతాడు. 19వ శతాబ్దం చివర బళ్లారి-కృష్ణా రైలు మార్గం నల్లమలను చీల్చుకుని దిగువమెట్ట, గిద్దలూరు, కంభం మీదుగా వేశారు. పట్టాల కింద దుంగలెన్ని పడ్డాయో లెక్క ఉంటుంది. ఆ మాను కింద ఎవరి గుడిసె ఉండిందో ఆ లెక్కలో ఉండదు.

నేరస్థ తెగల చట్టం సంగతి విడిగా చెప్పాలి. 1871లో ఉత్తరాదిన పుట్టిన ఆ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకలవాళ్లను స్టువార్టుపురం, కావలి సెటిల్మెంట్లలో పెట్టారు. కర్నూలు వైపు చెంచుల మీద కూడా ఆ చట్టాన్ని ప్రయోగించారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో అది పోయింది. ఈ చట్టం కింద నమోదు చేసిన రిజిస్టర్లలో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, వేలిముద్ర ఉంటాయి. మన పూర్వీకుల పేర్లు పేర్లుగా దొరికే కాగితాలు చాలా తక్కువ. ఉన్నవాటిలో ఒకటి వాళ్లను దొంగలన్న కాగితం. దాన్ని చేతిలో పట్టుకోవడానికి మనసు ఒప్పదు. కానీ ఫలానా ఏట ఫలానా చోట ఫలానా మనిషి ఉన్నాడు అనడానికి దానికంటే గట్టి సాక్ష్యం లేదు. అటవీ శాఖ వేసిన జరిమానా రసీదు కూడా అంతే. తేదీ, చోటు, పేరు మూడూ ఉంటాయి. ట్రంకు పెట్టెల్లో అడుగున ఉంటాయి అవి. సిగ్గుపడి పారేయవద్దని ఇప్పుడు గూడెం గూడెం చెబుతున్నాం.

మిషనరీల కాగితాలు మేము చూడలేదు. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌కు కంభంలో, మార్కాపురంలో కేంద్రాలుండేవి. ఆ మిషన్ రికార్డులు అమెరికాలో అట్లాంటా నగరంలోని బాప్టిస్టు చారిత్రక సంఘం దగ్గర ఉన్నాయి. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలెవరైనా ఉత్తరం రాసి అడగవచ్చు.

ఇక హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నాడు. శత్రు దేశపు పాస్‌పోర్టు కాబట్టి నైజాం రాజ్యం దాటి పోవద్దన్నారు. అలా ఆగిపోయినవాడు 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాదు పీఠభూమి చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం తెచ్చాడు. గోత్రాలు, పెళ్లిళ్లు, తేనె, గడ్డలు, సమాధులు అన్నీ ఓపికగా రాశాడు. అయితే ఆయన ఎక్కువగా చూసింది కృష్ణకు అవతలి ఒడ్డు. మన ఒడ్డుకు దాన్ని యథాతథంగా అతికించకూడదు. ఆయన తీసిన వేల ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి, కొన్ని ఇంటర్నెట్‌లో చూడవచ్చు. ఒక ఫొటోను ఫోన్లో ఒక గూడెం పెద్దకు చూపించాం. మనిషిని ఎరగడు, అవతలి ఒడ్డు మనిషి. కానీ చేతిలోని గడ్డలు తవ్వే కర్రను చూసి, “దీని మొన కాల్చి గట్టిజేసింది గాదు, ఇనుము తొడిగింది” అన్నాడు. ఫొటో కింద ఆ మాట లేదు.

స్వాతంత్ర్యం తర్వాత 1948లో అయ్యప్పన్ మద్రాసు రాష్ట్ర ఆదివాసుల మీద ఇచ్చిన నివేదికలో కూడా చెంచులున్నారు.

ఇన్ని చదివాక మాకు ఒక దిగులు పట్టుకుంది. ఇన్ని పేజీల్లో చెంచు నోరు విప్పి చెప్పిన మాట ఎక్కడ? ఈ దిగులు మనకొక్కరికే లేదని అమెరికా నల్లజాతివాళ్ల చరిత్ర చదివినప్పుడు తెలిసింది. అక్కడ 1850, 1860 జనగణనల్లో బానిసలకు వేరే పట్టిక వేశారు. యజమాని పేరు రాశారు. బానిసకు వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాశారు, పేరు దాదాపు ఎక్కడా రాయలేదు. అలాంటి కాగితాల నుంచి వాళ్లు తమ చరిత్రను తవ్వి తీశారు. పోర్టోరికోలో పుట్టిన ఆర్టురో షోంబర్గ్‌కు చిన్నప్పుడు ఒక టీచరు నల్లవాళ్లకు చరిత్ర లేదని చెప్పిందట. ఆయన న్యూయార్కులో ఒక బ్యాంకు ఉత్తరాల విభాగంలో పనిచేస్తూ జీవితమంతా పుస్తకాలు, చేతిరాతలు, బొమ్మలు కూడబెట్టాడు. 1926లో ఆ నగర గ్రంథాలయం వాటిని కొన్నది. కార్టర్ జి. ఉడ్సన్ తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్లు. ఆయన బొగ్గు గనిలో పనిచేసి, బడిపంతులయ్యి, 1916లో నల్లజాతి చరిత్రకు ఒక పత్రిక పెట్టాడు. 1937లో బడి ఉపాధ్యాయుల కోసం ఇంకొకటి పెట్టాడు. కుటుంబాల దగ్గరున్న ఉత్తరాలు, కాగితాలు సేకరించి దేశ గ్రంథాలయానికి ఇచ్చాడు. ఆ టీచరు మాట షోంబర్గ్ మరిచిపోలేదు. మేము బడిలో ఏం చెబుతున్నామో అని ఒకసారి భయం వేస్తుంది.

వాళ్ల కథ మనకు మరీ దూరం కూడా కాదు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అని ఒక పేట ఉంది. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే వనపర్తి సంస్థానం నుంచి నిజాం దగ్గరకు వచ్చిన ఆఫ్రికా గుర్రపు దళం. దళం పోయింది, పేట పేరు మిగిలింది. మన కొండల్లో వాగుల పేర్లు, మెట్టల పేర్లు అలాగే రాసిపెట్టాలి.

అమెరికాలో 1936 నుంచి 1938 వరకు ఇంకో పని జరిగింది. ఉద్యోగాల్లేని రచయితలకు ప్రభుత్వం జీతమిచ్చి, బతికి ఉన్న పాత బానిసల దగ్గరకు పంపింది. 2,300కు పైగా వాంగ్మూలాలు వచ్చాయి. అవి లేకపోతే ఆ తరం గొంతు మట్టిలో కలిసేది. కానీ అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. చెప్పినవాళ్లు ముసలివాళ్లు, పేదవాళ్లు, పింఛను వస్తుందేమోనని చూస్తున్నవాళ్లు. పాత యజమానుల పిల్లలు ఆ ఊళ్లోనే ఉన్నారు. మా దొర మంచోడే అని చాలామంది చెప్పారు. నల్లజాతి మనిషే వెళ్లి అడిగిన చోట కొరడా దెబ్బల మాట ఎక్కువగా బయటికి వచ్చిందని తర్వాతి చరిత్రకారులు గమనించారు.

ఇది చదివాక మా రాతపుస్తకాలు మళ్లీ తిప్పి చూసుకున్నాం. ఆదివాసీలమే అయినా గూడెంలోకి మేము పోయేది ప్యాంటు చొక్కాలతో, సంచిలో రిజిస్టరుతో. వాళ్లకు మేము ‘సార్లం’. ఒకసారి అటవీ శాఖ మనిషి పక్కనే ఉండగా అడిగాం. వేట లేదు, నిప్పు లేదు, అంతా బాగుందని చెప్పారు. వారం తర్వాత పొయ్యి కాడ కూర్చుని అడిగితే వేరే కథ వచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. పులుల అభయారణ్యంలో వేట గురించి మనిషి పేరుతో రాస్తే ఆ కాగితం రేపు కేసు అవుతుంది. చరిత్ర కోసం ఒక మనిషిని జైలుకు పంపే హక్కు మనకు లేదు. అలాంటివి పేరు లేకుండా రాసుకున్నాం. కొన్ని రాయలేదు.

ఇక మా తప్పు ఇంకొకటి ఒప్పుకోవాలి. బడి ప్రవేశ రిజిస్టరు గట్టి ఆధారమని అందరూ నమ్ముతారు. అందులో పుట్టిన తేదీలు వేసింది ఎవరు? మేమే, మా ముందు పనిచేసిన పంతుళ్లే. పిల్లవాణ్ణి నిలబెట్టి, చూపుకు అయిదేళ్లుంటాయనుకుని, జూన్ నెలలో ఒక తేదీ వేశాం. గూడెంలో సగం మంది జూన్‌లోనే పుట్టినట్టు రాసి ఉంటుంది. ఆధార్ కార్డుల్లో అయితే జనవరి 1. అవ్వ కార్డు ప్రకారం ఆమె తన కొడుకు కంటే పదకొండేళ్లే పెద్ద. ముద్ర ఉన్నంత మాత్రాన కాగితం నిజం చెప్పదు. ముద్ర లేనంత మాత్రాన అవ్వ మాట అబద్ధం కాదు.

అందుకే వయసు అడగడం మానేశాం. శ్రీశైలం డ్యాముకు నెహ్రూ వచ్చి రాయి వేసిన ఏడు (1963), ఒంగోలు జిల్లా అయిన ఏడు (1970), దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు (1977), అప్పటికి నువ్వెంత, పెళ్లయిందా, ఎంతమంది పిల్లలు అని అడుగుతాం. ఆ గుర్తుల మధ్య జీవితం దానంతటదే నిలబడుతుంది. ఇంటిపేరు తప్పక అడుగుతాం. కుడుముల, భూమని, తోకల, నల్లపోతుల, ఇలా. పాత కాగితాల్లో మనిషిని పట్టిచ్చేది అదే. తను కళ్లారా చూసిందేదో, తండ్రి చెబితే విన్నదేదో వేరుగా రాస్తాం. “మా నాయిన రాత్రిపూట టేసనుకు పొయ్యి ఏలిముద్ర ఏసొచ్చేవోడంట” అని అవ్వ చెప్పింది. ఆ ‘అంట’ను మేము కొట్టివేయలేదు. ఆమె చూడలేదు, విన్నది. వినికిడి కూడా దారి చూపుతుంది. ఆ రిజిస్టరు కోసం ఇప్పుడు కర్నూలు కట్టల్లో వెతకాలి.

అవ్వ దరఖాస్తు మళ్లీ పెట్టించాం. ఈసారి ముగ్గురు పెద్దల వాంగ్మూలాలు, సమాధుల చోట్లు గుర్తించిన పటం, ఇంట్లో దొరికిన ఒక పాత జరిమానా రసీదు జతచేశాం. గ్రామసభలో ముందు అందరికీ వినబడేలా చదివాం. అవ్వ తల ఊపుతూ విని ఒకచోట ఆపింది. “అత్త సమాది వాగుకు ఆ పక్కన అని రాసినారు సారూ. ఆ పక్కన ఉండేది మా తోటికోడలి బిడ్డ. అత్త ఈ పక్కన” అంది. ఆ కాగితం చించి మళ్లీ రాశాం.